క్యాబిన్ తలుపు మూసుకున్నాక

పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా మేనల్లుడు కొత్త లారీ తెచ్చుకున్నాడు. పది టైర్ల బండి, ఏసీ క్యాబిన్. రావులపాలెం పక్కన వాళ్ల ఊళ్లోనే పూజ చేయించాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, గుమ్మడికాయ కొట్టారు. జనం టిఫిన్లకి వెళ్లాక నేను క్యాబిన్‌లోకి ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఎదురుగా దేవుడి పటం, పటానికి బంతిపూల దండ, కింద జరీ అంచున్న ఎర్ర గుడ్డ. ఆ గుడ్డ కిందికి జారి మీటర్ల మీద పడింది. బ్రేకులకి వెళ్లే గాలి ఒత్తిడిని చూపే ఎయిర్ ముల్లు సగమే కనిపిస్తోంది. దాని పక్కన వరుసగా వెలగాల్సిన లైట్లు అసలు కనిపించడం లేదు.

"ఒరేయ్, ఈ గుడ్డ పైకి కట్టరా" అన్నాను.

"శుభానికి కట్టాం మావయ్యా, రెండ్రోజులు ఉండనివ్వండి" అన్నాడు.

నేనే విప్పి అద్దానికి పైన కట్టాను. ఆ తర్వాత బండి నడపబోయే అబ్బాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముప్పై ఏళ్లుంటాయి, స్టీరింగ్ పట్టి ఎనిమిదేళ్లయింది. చేయి మంచిదని మా చుట్టుపక్కల పేరు. తాళం తిప్పి ఆన్‌లో పెట్టాను. కొత్త బండిలో తాళం తిప్పగానే లైట్లు చాలావరకు ఒకసారి వెలుగుతాయి, కొన్ని కాసేపటికి, కొన్ని ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోతాయి. ఒక్కొక్కటీ చూపించి ఇదేంటి, ఇదేంటి అని అడిగాను. హ్యాండ్ బ్రేక్ చెప్పాడు, ఆయిల్ చెప్పాడు, బ్యాటరీ చెప్పాడు, హెడ్‌లైట్ డిమ్ము బ్రైటు చెప్పాడు. నాలుగు. మిగతా వాటికి "అవి కంపెనీవాళ్లకండి, వాళ్లు కంప్యూటర్ పెట్టి చూసుకుంటారు" అన్నాడు.

అతన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. బండి అప్పగించిన రోజు షోరూమ్‌లో పది నిమిషాలు వివరించారట. ఆ పది నిమిషాలూ అక్కడ నిలబడి విన్నది మా మేనల్లుడు. వాడికి లారీ నడపడం రాదు. నడిపే మనిషి ఆ సమయానికి బయట టార్పాలిన్, తాళ్లు కొంటున్నాడు. బండితో పాటు ఇచ్చిన లావుపాటి పుస్తకం ఇంగ్లీషులో ఉంది, కవరు కూడా చింపలేదు.

నేను ఇరవై రెండేళ్లు లారీ నడిపాను. ఇప్పుడు రెండు బండ్లు ఉన్నాయి, అవసరమైతే నేనే ఎక్కుతాను. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. లారీ డ్రైవర్‌కి ఇన్నాళ్లూ బండి సంగతి చెవి చెప్పింది, ముక్కు చెప్పింది, అరికాలు చెప్పింది. ఇప్పుడు క్యాబిన్ తలుపు మూసుకుంది. ఇక చెప్పేది మీటర్లే. ఆ మీటర్లు చదవడం నేర్పకుండా మనిషికి ముప్పై టన్నుల దాకా బరువు అప్పగిస్తున్నాం. అది అన్యాయం. ఆ మనిషికీ అన్యాయమే, రోడ్డు పక్కన సైకిల్ మీద వెళ్లే వాళ్లకీ అన్యాయమే.

మా నాన్న టాటా 1210 నడిపేవారు. ఆ రోజుల్లో ఛాసిస్ కొంటే ఇంజిన్, స్టీరింగ్, దాని ముందు మీటర్ల పలక, అంతవరకే వచ్చేది. క్యాబిన్ మనమే కట్టించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో వడ్రంగులు చెక్కతో కట్టేవారు. ఇంజిన్ పక్కనే కూర్చున్నట్టు ఉండేది. దాని వేడి మోకాలికి తగిలేది, దాని చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఆ పలక మీద ఉన్నవి స్పీడు, ఆయిల్, టెంపరేచర్, డీజిల్, ఎయిర్, ఆంపియర్, అంతే. అందులో సగం పనిచేసేవి కావు. పనిచేయకపోయినా నాన్న బండిని ఎక్కడా నిలబెట్టలేదు.

సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కగానే ఆయన ఎడమ వైపు అద్దం పూర్తిగా దించమనేవారు. ఎందుకో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. వంతెన పిట్టగోడకి తగిలి బండి చప్పుడు వెనక్కి వస్తుంది. మామూలు రోడ్డు మీద ఆ చప్పుడు పొలాల్లోకి పోతుంది, గోడ ఉంటే మళ్లీ మన చెవికే వస్తుంది. వశిష్ఠ దాటేలోపు ఆయన ఏ చక్రం బేరింగ్ అరుస్తోందో, ఏ టైరులో రాయి ఇరుక్కుందో చెప్పేసేవారు. క్లచ్ ప్లేటు కాలితే ఒక వాసన, బ్రేక్ లైనర్ కాలితే ఒక వాసన, వైరు కాలితే ఇంకో వాసన. ఆయనకి అన్నీ వేరువేరుగా తెలుసు. ఆ విద్యని నేను తక్కువ చేయను. దానికి ఏళ్లు పడుతుంది, పుస్తకంలో దొరకదు.

కానీ ఆ విద్యకి తెరిచిన అద్దం కావాలి. 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్య తరహా, భారీ లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. దీన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. మే నెలలో తాడేపల్లిగూడెం దగ్గర మధ్యాహ్నం రెండింటికి ట్రాఫిక్‌లో నిలబడ్డ లారీలో కూర్చున్నవాళ్లకి దాని విలువ తెలుసు. ఆ వేడికి కళ్లు మూతలు పడతాయి, చేతులు జారతాయి, చిన్న మాటకి కోపం వస్తుంది. ఏసీ డ్రైవర్‌కి సుఖం కోసం ఇచ్చింది అనుకునేవాళ్లున్నారు. నా దృష్టిలో అది బ్రేక్ లాంటి వస్తువు, ప్రాణాలు కాపాడేది.

అయితే అద్దాలు ఎక్కించాక పిట్టగోడ చప్పుడు లోపలికి రాదు. కాలిన లైనర్ వాసన రాదు, వచ్చినా ఆలస్యంగా వస్తుంది. కింద మందపాటి మ్యాట్, సీటు కింద గాలి తిత్తి. అరికాలికి, నడుముకి కూడా వార్త అందదు. చెవి చేసే పని కన్ను చేయాలి. ఆ మార్పు మనం ఎవరికీ నేర్పలేదు.

ఇక్కడ మా గోదావరి జిల్లాల సంగతి ఒకటి చెప్పాలి. మాది డెల్టా, అరచెయ్యిలా చదును. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా వెళ్లినా మనకి ఎక్కుడు, దిగుడు అంటే వంతెనలకి వేసిన ర్యాంపులు, కాలవ గట్ల మలుపులు, అంతే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి, ఆ కాలవగట్లే చాలాచోట్ల ఇప్పుడు మన రోడ్లు. వంకరగా ఉంటాయి, ఇరుకుగా ఉంటాయి, అంచు మెత్తగా ఉంటుంది. ఆ గట్ల మీద లోడు బండిని ఎదురుబండికి దారిచ్చి కాలవలో పడకుండా నడిపేవాడు ఎక్కడికెళ్లినా స్టీరింగ్‌తో ఇబ్బంది పడడు. మా వాళ్ల చేతులు అంత బాగుంటాయి. కానీ పల్లంలో పనికిరాని బటన్లు కొన్ని క్యాబిన్‌లో ఉంటాయి, వాటి అవసరం మాకు ఊళ్లో ఎప్పుడూ రాదు. ఎగ్జాస్ట్ బ్రేక్ అందులో మొదటిది.

2008లో నేను జగదల్‌పూర్ నుంచి చింతపండు లోడుతో వస్తున్నాను. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్‌లో పడ్డాం. ఘాట్ నాకు అది రెండోసారి. మొదటిసారి ఖాళీగా దిగాను కాబట్టి ఏమీ తెలియలేదు. ఈసారి వెనక పన్నెండు టన్నులు. మా ఊళ్లో వంతెన దిగినట్టే నాలుగో గేరులో, కాలు బ్రేక్ మీద పెట్టి దిగుతున్నాను. మలుపు మలుపుకీ నొక్కడం, వదలడం. ఐదారు మలుపులయ్యాక బ్రేక్ కాలి కిందకి ఇంకాస్త లోతుగా పోవడం మొదలైంది. నొక్కుతున్నా బండి వినడం లేదు. చక్రాల్లో ఉండే బ్రేక్ డ్రమ్ములు వేడెక్కితే వాటిని పట్టే లైనర్ పట్టు వదిలేస్తుంది. ఇంకా గట్టిగా నొక్కితే ఇంకా వేడెక్కుతుంది.

నా పక్కన క్లీనర్ ఉన్నాడు. పాడేరు వైపు కుర్రాడు, పంతొమ్మిదేళ్లు. అంతకుముందు కొండల్లో తిరిగే బండి మీద రెండేళ్లు పనిచేశాడు.

"గురువుగారూ, ఎయిర్ ముల్లు చూడండి" అన్నాడు.

చూశాను. గాలి ఒత్తిడి ఎనిమిది కేజీల దగ్గర ఉండాల్సింది ఐదుకి దిగుతోంది. బ్రేక్ నొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి కొంత ఖర్చవుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే కంప్రెసర్ ఆ ఖర్చుకి సరిపడా నింపలేదు. నేను అలా మలుపు మలుపుకీ గాలి తినేస్తున్నాను. అప్పుడు వాడు వంగి, నా ఎడమ కాలి పక్కన నేల మీద ఉన్న బటన్ చూపించాడు. "ఇది తొక్కండి. గేరు తగ్గించండి." ఆ బటన్ మీద మట్టి పేరుకుపోయి ఉంది. ఆ బండి మీద మూడేళ్లుగా ఉన్నాను, ఒక్కసారి కూడా తొక్కలేదు.

కిందామీదా పడి మూడులోకి, తర్వాత రెండులోకి దింపాను. బటన్ తొక్కాను. ఇంజిన్ గొంతు మారింది, ఎవరో వెనక నుంచి తోక పట్టుకుని లాగినట్టు బండి నిదానించింది. పొగ బయటకు పోయే గొట్టంలో ఒక రేకు మూసుకుంటుంది. పొగ పోలేక ఇంజిన్‌కి ఎదురు తన్నుతుంది. ఆ ఎదురే చక్రాల దాకా వచ్చి బండిని పట్టి ఉంచుతుంది. దానికి లైనర్ అరగదు, డ్రమ్ము కాలదు, ట్యాంకులో గాలి దాదాపు ఖర్చు కాదు. గేరు ఎంత చిన్నదైతే అంత బాగా పడుతుంది. పక్కకి ఆపుకునే చోటు దొరికాక దిగి చూస్తే వెనక చక్రాల నుంచి పొగ లేస్తోంది. ఇద్దరం ముప్పావుగంట అక్కడే కూర్చున్నాం. వేడి డ్రమ్ముల మీద నీళ్లు కొడదామని నేనంటే, పగులుతాయని వాడే ఆపాడు.

ఆ రోజు ప్రాణం దక్కించింది నా అనుభవం కాదు. ముల్లు వైపు చూసే అలవాటున్న కుర్రాడి కళ్లు.

అప్పటి కంటే ఇప్పుడు బరువు పెరిగింది. 2018లో మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచారు. దిగుడులో ఆ మూడున్నర టన్నులు ఊరికే ఉండవు, నెడతాయి. దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కొందరు ఏకంగా ఇంజిన్ ఆపేస్తారు. ఇంజిన్ ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఎంత డీజిల్ మిగిలితే ఆ పని చేయొచ్చో నాకు అర్థం కాదు.

ఎయిర్ సంగతి మొదలుపెట్టాను కాబట్టి అది పూర్తి చేస్తాను. క్యాబిన్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మీటర్ అదే. ఇప్పటి బండ్లలో రెండు ముళ్లో, రెండు గీతలో ఉంటాయి. ముందు చక్రాల బ్రేక్‌కి ఒక దారి, వెనక వాటికి ఒక దారి, ఒకటి కారిపోయినా రెండోది మిగలాలని. పొద్దున్న స్టార్ట్ చేశాక రెండూ సమానంగా ఎక్కుతున్నాయా, ఒకటి వెనకబడుతోందా చూడాలి. ఎక్కాక ఇంజిన్ ఆపి, బ్రేక్ తొక్కి పట్టుకుని ముల్లు దిగుతోందా చూడాలి. ఐదు నిమిషాల పని. ఎయిర్ తగ్గితే బజర్ మోగుతుంది, ఎర్ర లైట్ వెలుగుతుంది. హ్యాండ్ బ్రేక్ లోపల గట్టి స్ప్రింగు ఉంటుంది, దాన్ని గాలే వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి బాగా తగ్గితే స్ప్రింగు తనంతట తను బిగుస్తుంది. అంటే నడిరోడ్డు మీద చక్రాలు పట్టేస్తాయి. బజర్ మోగేది ఆ లోపు పక్కకి తీసుకోమని.

మా వైపు గాలిలో చెమ్మ ఎక్కువ. ఆ చెమ్మంతా కంప్రెసర్ లాక్కుని ట్యాంకులో నీళ్లు చేస్తుంది. ఎండబెట్టే డ్రయ్యర్ ఉన్నా, దాని ఫిల్టర్ మార్చకపోతే నీళ్లు చేరతాయి, వాల్వులు తుప్పు పడతాయి. నాన్న రోజూ పొద్దున్న ట్యాంకు కింద రింగు లాగి నీళ్లు వదిలేవారు. ఆ తుస్సుమనే చప్పుడుకే మా ఇంట్లో తెల్లారేది. ఇప్పుడు నెలకోసారి కూడా లాగని బండ్లు ఎన్నో.

పదిహేనేళ్ల కింద నేను చేపల బండి తోలాను. ఆకివీడు నుంచి హౌరా, ఐస్ వేసిన పెట్టెలు. వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం, ఆగితే ఐస్ కరుగుతుంది, ఐస్ కరిగితే సరుకు పోతుంది. కరిగిన నీళ్లు కిందికి కారి వైర్ల జాయింట్లలోకి పోతాయి. ఆ బండికి ఎయిర్ సరిగ్గా ఉన్నా కొన్నిసార్లు బజర్ మోగేది. ఓనరుకి చెప్పాను. ఆయన మెకానిక్‌ని పిలిచి జాయింటు బాగుచేయించలేదు. బజర్ వైరు కత్తిరించేయించాడు. "ఇప్పుడు మోగదు, పోయి రా" అన్నాడు. పోయి వచ్చాను, ఆ బండి మీద ఇంకో ఏడు నెలలు. ప్రతి ట్రిప్పులో మీటర్ వైపు వందసార్లు చూసేవాణ్ని. నా తర్వాత ఆ బండి ఎక్కినవాడికి వైరు కోసేశారన్న సంగతి ఎవరైనా చెప్పారో లేదో అని ఇప్పటికీ మనసులో మెదులుతుంది. నేనైతే చెప్పలేదు. అడిగి కనుక్కుని చెప్పాల్సింది.

కోసిన వైరు కంటే ప్రమాదం మరొకటి లేదని నేను నమ్ముతాను. లైట్ వెలిగితే భయపడొచ్చు. వెలగని లైటుని చూసి మనిషి ధైర్యంగా ఉంటాడు.

ఇక కొత్త బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగకి హద్దు పెట్టే బీఎస్-6 నిబంధన వచ్చింది. పొగ తగ్గింది. నిజంగానే తగ్గింది, దాన్ని కాదనను. మా రోడ్ల పక్కన ఇళ్లు అరుగుల దాకా ఉంటాయి, పిల్లలు అక్కడే ఆడుకుంటారు. కానీ ఆ పొగని శుభ్రం చేయడానికి పెట్టిన సామాను డ్రైవర్‌తో మాట్లాడేది లైట్ల భాషలో. అందులో రెండు ముఖ్యం.

ఒకటి యూరియా. డీజిల్ ట్యాంకు పక్కన నీలం మూత ఉన్న చిన్న ట్యాంకు. శుద్ధి చేసిన నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం అందులో పోయాలి. అయిపోతే లైట్ వస్తుంది. పట్టించుకోకపోతే ఇంజిన్ బలం తగ్గించేస్తుంది, లోడు బండి వంతెన ర్యాంపు ఎక్కడానికి ఆయాసపడుతుంది. మాది వరి దేశం. ప్రతి ఇంటి వసారాలో 45 కేజీల యూరియా బస్తా ఉంటుంది. ఆ పేరు వినగానే బస్తాలోది రెండు దోసిళ్లు తీసి బోరునీళ్లలో కలిపి పోసిన వాళ్లని నేను కళ్లారా చూశాను. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. యూరియా అని చెప్తే యూరియా పోశారు. పొలానికి వేసే యూరియాకి 2015 నుంచి వేపనూనె పూత ఉంటుంది. మా తీరప్రాంతపు బోర్లలో ఉప్పు. పొగని శుభ్రం చేసే డబ్బాలోని పూతకి ఆ రెండూ చేటే. ఆ డబ్బా మార్చాలంటే చిన్న ఓనరు అప్పు చేయాలి. ఒక్క వాక్యం తెలుగులో ఆ మూత పక్కన రాసి ఉంటే సరిపోయేది, "పొలం యూరియా పోయరాదు" అని.

రెండోది మసి జల్లెడ. చాలా బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. హైవే మీద బండి సాఫీగా పరిగెడుతుంటే పొగ వేడికి ఆ మసి తనంతట తనే కాలిపోతుంది. కాలవగట్ల మీద అరటి గెలలు ఎక్కించుకుంటూ తోటతోటకీ ఆగే బండికి ఆ వేడి రాదు. అందుకే విశాఖ, విజయవాడ మధ్య తిరిగే బండి కంటే అంబాజీపేట, అమలాపురం సందుల్లో తిరిగే బండికి ఆ లైట్ తొందరగా వెలుగుతుంది. వెలిగితే ఒక మంచి చోటు చూసి ఆపి, న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి, దానికి కేటాయించిన బటన్ నొక్కి పట్టుకోవాలి. ఇంజిన్ తనంతట తను రేజ్ అవుతుంది. అరగంట అటూఇటూ పడుతుంది. లోపల వేడి ఐదారు వందల డిగ్రీలకి పోతుంది.

మంచి చోటు అన్నాను. సార్వా కోతలకీ, దాళ్వా కోతలకీ మా రోడ్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. సగం రోడ్డు ధాన్యం, అంచున ఎండుగడ్డి. ఆ గడ్డి మీద బండి ఆపి ఈ బటన్ నొక్కితే ఏం జరుగుతుందో ఏ పుస్తకమూ మా వాళ్లకి తెలుగులో చెప్పలేదు. డెల్టాలో బండి నడిపేవాడికి ఇది ముందు చెప్పాల్సిన మాట.

మరి లైట్ వెలిగినా ఎందుకు ఆపరు? తెలియక అని చెప్పి వదిలేస్తే అది సగం నిజమే. తెలిసినవాడు కూడా ఆపడు, ఎందుకంటే ఆ అరగంట అతని ఖాతాలోదే. ట్రిప్పుకింత అని మాట్లాడుకుంటాం. రావులపాలెంలో గెలలు ఎక్కించిన బండి ఒడిశా మార్కెట్‌కి తెల్లారేసరికి చేరకపోతే మాట పడేది డ్రైవరే. మైలేజీ తగ్గితే అడిగేది అతన్నే. మసి కాల్చడానికి నిలబెట్టినంతసేపు తాగిన డీజిల్ ఎవరి లెక్క? ఈ ప్రశ్నకి ఓనర్లం జవాబు చెప్పకుండా "లైట్ చూసుకోవచ్చు కదా" అనడం తప్పు. నా రెండు బండ్లకీ నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. లైట్ వచ్చిందని ఫోన్ చేసి ఆపితే ఆ సమయానికి బత్తా ఇస్తాను, ఆ డీజిల్ మైలేజీ లెక్కలోంచి తీసేస్తాను. దీనికి నాకు పెద్దగా ఖర్చయింది లేదు. లైట్ వచ్చిందని నాకు ఫోన్లు మాత్రం పెరిగాయి. రావాల్సినవే.

ఇండికేటర్ల గురించి ఒక మాట చెప్పి వెళ్తాను, దాని మీద విడిగా రాయాలని ఉంది. వెనక కారుకి దారి ఇవ్వడానికి కుడి ఇండికేటర్ వేసే అలవాటు మనలో ఉంది. అదే కుడి ఇండికేటర్ కుడికి తిరగడానికీ వేస్తాం. ఒకే లైటుకి రెండు అర్థాలు. వెనకవాడు ఏది నమ్మాలి? నాలుగు రోడ్ల దగ్గర నేరుగా పోవడానికి నాలుగు ఇండికేటర్లూ వేస్తారు. పక్క నుంచి వచ్చేవాడికి ఒక వైపే కనిపిస్తుంది, మనం తిరుగుతున్నాం అనుకుంటాడు. తిరగడానికి తప్ప ఇండికేటర్ వేయొద్దు. దారివ్వాలనుకుంటే ఎడమకి జరిగి నిదానిస్తే చాలు, వెనకవాడికి అర్థమవుతుంది.

తణుకులో నాకు ఒక పెద్ద డ్రైవరు స్నేహితుడు ఉన్నారు. నాకంటే పదేళ్లు పెద్ద. ఈ సంగతులు మాట్లాడితే ఆయన ఒప్పుకోరు. "మీటర్లు చూస్తూ కూర్చుంటే రోడ్డు ఎవరు చూస్తారయ్యా? బండి నడపడం చేతకావాలి గానీ" అంటారు. ఆ మాటలో బలం ఉంది. కొత్త బండ్లలో లైట్లు, స్క్రీను, కూతలు ఎక్కువైపోయాయి, ఏది ముఖ్యమో తెలియనివాడికి అన్నీ ఒకేలా అరుస్తాయి. కానీ ఆయన చెప్పేది మీటర్ చదవడం రానివాడి సంగతి. ముల్లు మామూలుగా ఎక్కడ నిలబడుతుందో తెలిసినవాడు దాన్ని చదవక్కర్లేదు. ఇంట్లో గోడ మీద పటం వంకరగా ఉంటే అడుగు పెట్టగానే తెలుస్తుంది కదా, అంతే. కంటి కొస చాలు. ఆ మామూలు చోటు తెలియాలంటే ఖాళీ బండితో ఒక పూట, లోడు బండితో ఒక పూట పక్కన కూర్చుని చూపించాలి. మండపేట మిల్లుల్లో లోడు ఎక్కించే బండికి ఊక దుమ్ము రేడియేటర్‌కి పట్టేస్తుంది. టెంపరేచర్ ముల్లు రోజుకో వెంట్రుకవాసి పైన నిలబడుతుంది. బాగా వేడెక్కేదాకా లైట్ వెలగదు. ముల్లు మాత్రం వారం ముందే చెప్తుంది.

రవాణా బండి లైసెన్సుకి ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన 2019లో తీసేశారు. మంచిదే చేశారు. నేను చూసిన మంచి డ్రైవర్లలో సంతకం మాత్రమే వచ్చినవాళ్లు ఉన్నారు. కానీ నిబంధన తీసేసినప్పుడు దాంతో పాటే ఇంకో పని చేయాల్సింది. చదువు అక్కర్లేదంటే, పుస్తకం ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. బొమ్మ చూపించి, నోటితో చెప్పి, చేత్తో చేయించాలి. బండి అప్పగించే రోజు సంతకం ఓనరు పెట్టినా, అరపూట సీట్లో కూర్చోవాల్సింది నడిపే మనిషి. డ్రైవర్ మారినప్పుడల్లా ఓనరు ఆ అరపూట మళ్లీ ఇవ్వాలి. ఒక ట్రిప్పు ఒక పూట ఆలస్యమైనందుకు వ్యాపారం కూలిపోదు.

సంక్రాంతి వెళ్లాక ఆ అబ్బాయిని, మా మేనల్లుడిని ఇద్దర్నీ బండి ఎక్కించుకుని ఒక పొద్దంతా కూర్చున్నాం. ఇంజిన్ ఆపి బ్రేకులు తొక్కి ఎయిర్ ఖాళీ చేసి బజర్ మోగించాం. ఎన్ని కేజీల దగ్గర మోగిందో అతను చూసి గుర్తుపెట్టుకున్నాడు. జొన్నాడ వైపు ఖాళీగా వెళ్లి వచ్చాం. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పచ్చ గీతలో ఉండాలంటే గేరు ఎప్పుడు మార్చాలో అతనికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది, అతని చెవికి అది ముందే తెలుసు. పచ్చ గీత దానికి సాక్ష్యం చెప్పింది. అప్పుడు అతని ముఖంలో వచ్చిన ఉత్సాహం చూసి నాకు సంతోషమేసింది.

ఆ సాయంత్రం రావులపాలెంలో స్టిక్కర్లు కోసే షాపుకి వెళ్లాం. బటన్ల పక్కన అంటించడానికి తెలుగులో చిన్న అక్షరాలు కోయిస్తున్నాం. ఎగ్జాస్ట్ బ్రేక్‌కి "ఘాట్ బ్రేక్" అని రాయించాను. నీలం మూతకి "పొలం యూరియా పోయరాదు". మసి జల్లెడ బటన్ దగ్గరికి వచ్చేసరికి నేను "రీజనరేషన్" అని తెలుగు అక్షరాల్లో రాయబోయాను. అప్పటిదాకా మాట్లాడకుండా నిలబడ్డ ఆ అబ్బాయి కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు.

"అలా వద్దండి. 'మసి కాల్చు' అని రాయండి. కింద చిన్నగా 'గడ్డి చూసుకో' అని కూడా."

షాపతను రెండూ కోసి ఇచ్చాడు.